వాగ్దానం కార్డు పక్కన పెట్టి ఆ అధ్యాయం మొత్తం చదువు చిన్నీ

చిన్నీకి పెద్దమ్మ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది,

మొన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి నీ ఏడుపే వినపడింది గానీ మాట అర్థం కాలా. మూడోసారికి తెలిసింది, అబ్బాయికి డయాలసిస్ మొదలెట్టిన సంగతి నువ్వు ఎలాగో తట్టుకున్నావు, నీకు తగిలింది ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో అక్క నీ చెయ్యి పట్టుకుని "ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉండే ఉంటదమ్మా, విశ్వాసంతో అడిగితే కిడ్నీ బాగుచెయ్యడం దేవుడికెంత పని" అన్న మాట. ఆ రోజు నుంచి బైబిల్ ముట్టుకోలేదన్నావు. తెరిస్తే కోపం వస్తోందన్నావు.

వస్తే రానీ. నేను నాలుగు నెలలు ముట్టుకోలేదు. ఈ సంగతి మీ అమ్మకి కూడా తెలీదు, సండే స్కూల్ చెప్తున్నా కదా అప్పట్లో, పిల్లల ముందు జ్ఞాపకం ఉన్న కథలే చెప్పి లాక్కొచ్చాను, దావీదు గొల్యాతు అయితే ఎన్నిసార్లు చెప్పానో ఆ పిల్లలకే విసుగొచ్చింది.

2010 సంగతి ఇది. నీకు మీ పెదనాన్న పడిపోయారని తెలుసు గానీ ఎందుకు పడిపోయారో ఎవరం చెప్పుకోలేదు. ఆయనకి బీపీ, రోజూ పొద్దున ఒక మాత్ర. ఆ ఎండాకాలంలో మా ఊళ్ళో మూడు రోజుల స్వస్థత కూటాలు పెట్టారు, పెద్ద పందిరి, పెద్ద మైకులు, మూడో రాత్రి ఆ వచ్చిన ప్రసంగీకుడు "స్వస్థత పొందినోళ్ళు మందులు జేబులో పెట్టుకుని తిరగడం అవిశ్వాసం" అన్నాడు. ఈయన ఇంటికొచ్చి మాత్రల షీటు చెత్తబుట్టలో వేశారు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను, అదే ఇప్పటికీ నా గుండెల్లో ముల్లు. ఆగస్టులో తెల్లవారుజామున బాత్రూంలో దబ్బుమని చప్పుడు, పోయి చూస్తే కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఆ ప్రసంగీకుడు తర్వాతెప్పుడూ మా ఇంటి గుమ్మం ఎక్కలేదు.

ఇంకో సంగతి ఏంటంటే దానికి ముందు డిసెంబరు 31 రాత్రి కూడికలో, కొత్త ఏడాదికని ఒక్కో బైబిల్ వచనం అచ్చేసిన వాగ్దానం కార్డులు పళ్ళెంలో పెడతారు కదా, నేను కళ్ళు మూసుకుని తీసిన కార్డు యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఫ్రిజ్ మీద అంటించాను. ఆసుపత్రి నుంచి ఆయన్ని మంచం మీద మోసుకొచ్చిన రోజు నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీస్తే అది కనపడింది. హానికరమైనవి కావు అంట. పీకి బైబిల్లో పడేసి ఆ బైబిల్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

మళ్ళీ తీసింది కూడా భక్తితో కాదు. ఫిజియోథెరపీకొచ్చే అబ్బాయి చెప్పాడు, మాట పోయినోళ్ళకి ఒక్కోసారి చిన్నప్పటి నుంచి నోటికొచ్చినవి పాటలు పద్యాలు మిగిలే ఉంటాయి ట్రై చెయ్యండి అని. ఈయనకి "నీళ్ళు" అనడం రాదు, నా పేరు రాదు, ఏది అడిగినా "ఆ ఆ" అనేవారు. నేను మంచం పక్కన కూర్చుని ఊరికే "యెహోవా నా కాపరి" అన్నాను. ఆయన కళ్ళు ఇటు తిప్పి, నోరు ఒక పక్కకి లాగేస్తుంటే, "నాకు లేమి కలుగదు" అన్నారు. స్పష్టంగా. నీళ్ళు అడగలేని మనిషి. ఇద్దరం ఆ కీర్తన చివరిదాకా అలాగే చెప్పాం, నేను సగం ఆయన సగం, "గాఢాంధకారపు లోయలో" దగ్గర ఆయన ఆగలేదు, నేనే ఆగిపోయాను. ఆ సాయంత్రం బీరువా తీశాను.

అందుకే చెప్తున్నా, నీకేదైనా నోటికొచ్చేలా చెయ్యాలనుంటే ఇప్పుడే చెయ్యి, ఒంట్లో బాగున్నప్పుడు. ఫోన్లో యాప్ ఉందిలే అనుకోకు. మా అత్తగారికి అక్షరం ముక్క రాదు, బైబిలు స్త్రీలు ఊళ్ళోకొచ్చి చదివి చెప్తుంటే విని విని పట్టేసింది, ఆవిడకి రాని కీర్తన లేదు.

సరే ఇప్పుడు ఆ కార్డు సంగతి. బైబిల్ తీశాక కార్డు అడ్డంగా పడుంది కాబట్టి అదే అధ్యాయం తెరుచుకుంది, ఈసారి 11వ వచనం దగ్గర ఆగకుండా మొదటి నుంచి చదివాను, దాని ముందు 28 కూడా చదివాను. చిన్నీ, నలభై ఏళ్ళుగా గుడికి పోతున్నదాన్ని, ఆ వచనం ఒక ఉత్తరంలోదని నాకు తెలీదు. బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్ళకి యిర్మీయా యెరూషలేం నుంచి రాసిన ఉత్తరం. అందులో ఏముందో తెలుసా, మీరిప్పుడప్పుడే రారు, 70 ఏళ్ళు పడుతుంది, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి అని. అంతా చెప్పాక వస్తుంది మనం కార్డుల మీద అచ్చేసుకునే ఆ మాట. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనేవాడు గుడిలో అందరి ముందు "రెండేళ్ళు, రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుంది" అని చెప్పి బబులోనుకి లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడి లాగి విరగ్గొడతాడు. జనానికి ఎవడు నచ్చి ఉంటాడు చెప్పు? యిర్మీయా కూడా ముందు ఏమంటాడంటే, ఆమేన్, అలాగే జరగాలి అంటాడు. పాపం ఆయనకీ అదే కావాలి. కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. మా ఊరి పందిట్లో మైకు పట్టుకున్నది హనన్యానే అని నాకు ఆ రాత్రి అర్థమైంది. కోపం ఆ రోజుతో పోలేదులే, కానీ ఎవరి మీద పడాలో దారి తెలిసింది, అప్పటిదాకా దేవుడి మీదే పోస్తున్నా.

నీకు నేను చెప్పాలనుకున్నది ఇదే అసలు. ఒక్క వచనం పట్టుకుని వేలాడకు. వాట్సాప్ స్టేటస్‌లో పొద్దున్నే పూల బొమ్మ మీద వచ్చే వచనం మంచిదే, కానీ దాని ముందు పేజీ వెనక పేజీ చదవందే అది ఎవరికి ఎప్పుడు చెప్పారో తెలీదు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని కారు అద్దాల మీద రాయించుకుంటారు, దాని పై వచనంలోనే పౌలు ఆకలితో ఉండటం కూడా నేర్చుకున్నా అంటున్నాడు, అదీ సంకెళ్ళలో కూర్చుని.

ఆ అక్క మాటకి సమాధానం కూడా పుస్తకంలోనే ఉంది. ఆవిడకి చెప్పడానికి కాదు, చెప్తే గొడవ, నీ మనసుకి. అపొస్తలుల కార్యములు 19లో పౌలు ఒంటికి తగిలిన గుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయని ఉంది. అదే పౌలు చివర్లో తిమోతికి రాస్తూ, రెండో తిమోతి 4:20లో, త్రోఫిముకి ఒంట్లో బాగోలేదు మిలేతులో వదిలేసి వచ్చాను అంటాడు. అంతే, ఒక్క ముక్క. ఎందుకు బాగవలేదో చెప్పడు, త్రోఫిముకి విశ్వాసం లేదనీ అనడు. తిమోతికి కడుపునొప్పి ఉంటే అతనికీ గుడ్డ పంపలేదు, కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు. తన ఒంట్లో ముల్లులా గుచ్చే బాధ తీసెయ్యమని పౌలు తనే మూడుసార్లు అడిగి తీయించుకోలేకపోయాడు. ఇవన్నీ ఎవరూ కూటాల్లో చెప్పరమ్మాయ్. కష్టాల్లో ఉన్న యోబుని ఓదార్చడానికొచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే పాడైంది.

కోపంగా ఉంటే ప్రార్థన రాదు అంటున్నావు కదా, కీర్తన 13 తీసి చదువు, ఆరే వచనాలు, మొదట్లోనే ఎన్నాళ్ళు అని నాలుగుసార్లు నిలదీస్తాడు. ఇంకా పైకి పోవాలంటే 88 ఉంది. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి నమ్మకంతోనో స్తోత్రంతోనో తేలతాయి, ఇది తేలదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. ఇది తీసెయ్యకుండా పుస్తకంలో ఉంచారు చూడు, ఎవరో మనలాంటి వాళ్ళు ఒక రోజు చదువుకుంటారని కాబోలు.

ఎలా చదవాలి అన్నావు. పెద్ద ప్లాన్లు పెట్టుకోకు, ఏడాదిలో బైబిల్ మొత్తం చార్టులు ఇప్పుడు నీకు పనికిరావు, రెండు రోజులు తప్పితే అదో నేరం చేసినట్టు ఉంటుంది. పొద్దున టీ పెట్టినప్పుడు ఒక కీర్తన, పైకి, వినపడేలా. కళ్ళతో చదివితే మనసు ఆసుపత్రి బిల్లు మీదకి పోతుంది, నోటితో చదివితే చెవి పట్టుకుంటుంది. డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు కూర్చుంటావు కదా, ఇయర్‌ఫోన్ ఒకటి నీ చెవిలో ఒకటి అబ్బాయి చెవిలో పెట్టి మార్కు సువార్త ఆడియో వినండి, 16 అధ్యాయాలూ అయిపోయి ఇంకా టైం మిగుల్తుంది. అతను నిద్రపోతే పోనీ. చదివిన దాని పక్కన పెన్సిల్‌తో తేదీ, ఆ రోజు జరిగింది ఒక లైను రాయి. పెన్ను వద్దు, నేను పెన్నుతో రాసి వెనక పేజీ పాడు చేశాను.

ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను అని బదరీవృక్షం కింద పడుకుంటే దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు, రొట్టె పెట్టాడు నీళ్ళిచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. నువ్వు సరిగ్గా తింటున్నావా? రాత్రి ఉపవాస ప్రార్థనలు అని నిద్ర మానకు. పై పోర్షన్ ఆవిడ మన దేవుడిని నమ్మకపోయినా డయాలసిస్ రోజుల్లో నీకు డబ్బా కట్టి పంపుతోంది అన్నావు, ఆ రొట్టె కాదనకు. అభిషేక నూనె సీసా పంపుతాం కానుక ఇంత పంపండి అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం పెట్టెయ్. మందులు ఒక్క పూట ఆపొద్దు, ఎవరు చెప్పినా. పాస్టరు గారు వచ్చి చెయ్యి ఉంచి ప్రార్థిస్తామంటే సంతోషంగా చేయించుకోండి, చేయించుకుని మాత్ర వేసుకోమను. ఆరోగ్యశ్రీ కాగితాలు ఆసుపత్రి డెస్కులో ఇచ్చావో లేదో కూడా చెప్పలేదు.

మన వాళ్ళు ఎలా నమ్మారో మా నాయనమ్మ చెప్పేది, ఆవిడకి వాళ్ళ తాత చెప్పాడంట. ధాత కరువులో తిండి లేక జనం చస్తుంటే ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ పైన తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని మన వాళ్ళకి పని పెట్టాడు. బాప్తిస్మం ఇవ్వమని వేల మంది అడిగితే, కూలి కోసం గింజల కోసం వస్తున్నారేమోనని కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. అంతా అయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు వంతులేసుకుని. ఇక దొర చేతిలో పంచడానికేమీ లేదని తెలిసీ వచ్చిన వాళ్ళు వాళ్ళు. మా నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా వాళ్ళ తాత అరచేతుల్లో కాలువ తవ్విన కాయలు చచ్చేదాకా పోలేదని చెప్పేది.

మీ పెదనాన్న ఆరేళ్ళు మంచం మీదే ఉన్నారు, 2016లో పోయారు. లేచి నడవలేదు. నేను ఆరేళ్ళు అడిగాను. ఇది నీ దగ్గర దాచి ఉత్తరం రాస్తే నేనూ హనన్యా బాపతే అవుతాను. అబ్బాయికి ట్రాన్స్‌ప్లాంట్ దొరకాలని నేను రోజూ అడుగుతున్నా, దొరుకుతుందో లేదో నాకు తెలీదు.

శుక్రవారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా, పది రోజులు ఉంటాను, రెండు డయాలసిస్‌లకి నేను కూర్చుంటా నువ్వు ఇంట్లో పడుకో. ఆవకాయ తేవడం లేదు, ఉప్పు అతనికి పడదని నాకు తెలుసు, కొబ్బరి బోండాలు కూడా తేను, మీ మామయ్య పట్టుకొచ్చాడంటే పొటాషియం అని చెప్పి నువ్వే తాగెయ్. నా పెద్దక్షరాల బైబిల్ తెస్తున్నా, జిప్పు ఊడిపోయింది గానీ పేజీలు బానే ఉన్నాయి. యిర్మీయాలో ఆ కార్డు ఇంకా అలాగే ఉంది. 88వ కీర్తన పక్కన పెన్సిల్ రాత కనపడుతుంది, "ఈరోజు నీళ్ళు అన్నారు" అని. అది చెరపకు.

నీ పెద్దమ్మ