ఇంటి పనుల అక్క: మీ ప్రశ్న – నా జవాబు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది నిజామాబాద్. అద్దె ఇల్లు, హాల్లో తాండూరు బండలు. ఏడాది దాటిన మగపిల్లి ఉంది. ఈమధ్య సోఫా మూలకి, బీరువా పక్కన ఉచ్చ పోస్తోంది. రోజూ ఫినాయిల్‌తో తుడుస్తున్నా. ఎండ కాసినన్ని రోజులు ఏం తెలియదు, వాన పడ్డదంటే హాలంతా గుప్పుమంటోంది. మొన్న మా ఆయన బాత్రూమ్ ఆసిడ్ పోసి బ్రష్షుతో రుద్దితే వాసన పోలేదు సరికదా, బండ మీద తెల్లటి మచ్చ పడింది. మా అత్తమ్మ "పిల్లినన్నా పంపు, సోఫానన్నా పంపు" అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ ఉండనీ తల్లీ. ముందు ఆ ఆసిడ్ సీసాని హాల్లోంచి పంపించు. తాండూరు బండ అంటే సున్నపురాయి. షాబాదు బండ, కడప బండ, పాలరాయి అన్నీ ఆసిడ్ తగిలితే కరిగేవే. పోయగానే బుసబుస నురగ వచ్చి ఉంటుంది, మీ ఆయన మురికి వదులుతోందని సంబరపడి ఉంటారు. వదిలింది రాయి! వెనిగరూ నిమ్మరసమూ కూడా ఈ బండలకు పనికిరావు. ఆ తెల్లమచ్చ కడిగితే పోదు. బండలు పాలిష్ పట్టేవాళ్లతో ఆ కాస్త మేర పట్టించండి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరుతో మాట పడక్కర్లేదు.

ఇక వాన సంగతి. ఉచ్చలో ఉన్న యూరియాని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, ముక్కు మండేది దానికే. గాలి తగిలితే, నాలుగు నీళ్లు పోస్తే అది పోతుంది. పోనిది యూరిక్ ఆసిడ్. నీళ్లలో సరిగ్గా కరగదు. ఎండి సన్నటి పలుకులై బండల సందుల్లోని సిమెంటులో, సోఫా ఫోమ్‌లో ఉండిపోతుంది. గాల్లో తేమ పెరిగితే చాలు, వాసన మళ్లీ లేస్తుంది. నువ్వెంత తుడిచినా వానాకాలం నీ గుట్టు బయటపెట్టేది అందుకే.

ఫినాయిల్ ఆ వాసన మీద ఇంకో వాసన కప్పుతుంది, అంతే. మనకు తెలియకపోయినా పిల్లి ముక్కుకి కింద ఉన్నది తెలుస్తుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. పైగా ఫినాలు కలిసిన మందులు పిల్లులకు విషం, వాటి కాలేయం వాటిని విరిచేయలేదు. తడి నేల మీద నడిచి కాళ్లు నాకుతుంది కదా, అలా కడుపులోకి పోతుంది. ఇంట్లో పిల్లి ఉన్నన్నాళ్లు ఫినాయిల్ మానెయ్యి. బ్లీచింగ్ కూడా ఉచ్చ మీద పోయొద్దు. అమ్మోనియాతో కలిసి ఊపిరాడనివ్వని గ్యాసు పుడుతుంది.

కావలసింది ఎంజైమ్ క్లీనర్, అంటే ఆ యూరిక్ ఆసిడ్‌ని విరిచేసే మందు. పెంపుడు జంతువుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఎంజైమ్ అని సీసా మీద రాసి ఉందో లేదో చూసి కొను, ఉత్త సెంటు నీళ్లు కూడా అదే అలమారలో పెట్టి అమ్ముతున్నారు. దొంగనోట్లు చూసే నీలం లైటు టార్చి ఒకటి తెప్పించు. రాత్రి లైట్లన్నీ ఆర్పి నేలకి దగ్గరగా పట్టి చూడు, ఉచ్చ పడ్డచోట పచ్చగా మెరుస్తుంది. సుద్దముక్కతో చుట్టూ గీత గియ్యి. సోఫా వెనక గోడ, బీరువా కోళ్లు కూడా చూడు. మగపిల్లి తోకెత్తి వెనక్కి చిమ్ముతుంది, నువ్వేమో నేల తుడుస్తుంటావు.

గీసిన చోట ముందు ఉత్త చన్నీళ్లతో బాగా కడుగు. పాత ఫినాయిల్ మిగిలితే ఎంజైమ్ పనిచేయదు. ఆరాక మందు ధారాళంగా పొయ్యి, ఉచ్చ ఎంత లోతుకి దిగిందో ఇదీ అంత లోతుకి దిగాలి. పైన పాలిథిన్ కవరు పరిచి రాత్రంతా తడి ఆరనివ్వకు. తడి ఉన్నంతసేపే దాని పని. పొద్దున కవరు తీసి ఫ్యాను కింద ఆరనివ్వు. ఆరేటప్పుడు వాసన ఇంకా పెరిగినట్టుంటుంది, కంగారుపడి ఫినాయిల్ డబ్బా దగ్గరికి పరిగెత్తకు! పాత మరక ఒక్క విడతలో పోదు, మళ్లీ పోయాల్సిందే.

సోఫా కవరు జిప్పు తీసి విడిగా నానబెట్టి ఉతుకు. ఫోమ్‌కి స్ప్రే కొడితే పైనే ఆగిపోతుంది. మందుల షాపులో సూది లేని పెద్ద సిరంజి కొని, మందు ఎక్కించి, మూతిని ఫోమ్‌లోకి నొక్కి అక్కడక్కడా వదులు. కింద పాత తువ్వాలు పెట్టు. తర్వాత నిలబెట్టి, అన్ని వైపులా గాలి తగిలేలా ఎండలో పెట్టు. అడుగున ప్లైవుడ్ ఉబ్బితే మాత్రం ఏ మందూ పనిచేయదు, వడ్రంగిని పిలిచి ఆ ముక్క మార్పించడమే.

మరక కన్నా ముందు పిల్లి సంగతి చూడు. ఆ వయసు మగపిల్లి చిమ్ముతోందంటే హద్దులు గీసుకుంటోందన్నమాట. వృషణాలు తీసే ఆపరేషన్ చేయిస్తే ఎక్కువ పిల్లుల్లో ఆ అలవాటు తగ్గుతుంది. మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, అసలు రాకపోయినా ఆరోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. మగపిల్లికి మూత్రం బిగిస్తే ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: మా కుక్కపిల్ల బూరుగుదూది పరుపు పాడుచేసింది. డ్రైక్లీనింగ్‌కి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దు. కుట్లు విప్పి, తడిసి ఉండకట్టిన దూది తీసి పారెయ్యండి. మిగతా దూది ఎండబెట్టి, ఏకించి, కొత్త గలేబులో నింపించండి. ఈసారి పరుపు మీద రబ్బరు షీటు వేసి, ఆ పైన దుప్పటి పరవండి. చంటిపిల్లలకు వేసే షీటే సరిపోతుంది.