ప్రెయిరీ డాగ్స్ ఆవుల మేత తినేస్తాయా? రెండు వేసవులు దగ్గరుండి చూసినవాడిగా చెబుతున్నా

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పశువుల రాంచ్ పక్కన ఉంటున్న మీ తమ్ముడు "ప్రెయిరీ డాగ్స్ ఉంటే ఆవులకు గడ్డి మిగలదు, విషం పెట్టాల్సిందే" అంటున్నాడని, అది నిజమేనా అని అడిగారు. ఇవి కుక్కలు కావండి, బొరియల్లో గుంపులుగా బతికే ఉడుత జాతి జంతువులు. చదువులో భాగంగా ఈశాన్య కొలరాడోలోని పానీ నేషనల్ గ్రాస్‌లాండ్ అనే ప్రభుత్వ గడ్డిమైదానంలో రెండు వేసవులు వీటి కాలనీలు, అంటే గుంపుగా బొరియలు చేసుకుని ఉండే చోట్లు, లెక్కపెట్టాను. తింటాయండి, కాదనను. కానీ చూడగానే అనిపించేంత కాదు.

ముందు బొరియలు చూసి భయపడకండి. ఒక్క కుటుంబానికే బోలెడు బొరియలుంటాయి. వాటిని లెక్కపెట్టి జంతువులు ఇన్ని అనుకోవడం మొదటి వారం నేనూ చేసిన తప్పే. తర్వాత పొద్దున్నే జీపులోంచి దిగకుండా బైనాక్యులర్స్‌తో లెక్కపెట్టేవాళ్లం. దిగామా, ఒకటి అరుస్తుంది, అన్నీ బొరియల్లోకి దూరిపోతాయి.

ఒకరోజు మాకు దగ్గర్లోనే ఒకటి పొడుగాటి మొక్కను మొదలు దగ్గర కొరికి పడేసి, ఒక్క ఆకు కూడా తినకుండా వెళ్లిపోయింది. గద్ద గానీ, కాయోటీ (నక్కలాంటి జంతువు) గానీ, బ్యాడ్జర్ (నేల తవ్వి వేటాడే జంతువు) గానీ వస్తే దూరం నుంచే కనబడాలని అలా నరికేస్తాయి. అందుకే కాలనీ బోడిగా కనిపిస్తుంది, అంతా తినేశాయనుకుంటాం. వంగి చూస్తే బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా అనే అక్కడి గడ్డి రకాలు పొట్టిగా, లేతగా ఉంటాయి. కొరికిన కొద్దీ వచ్చే ఆ చిగురులో మాంసకృత్తులు ఎక్కువ. వానలు బాగా పడిన జూన్‌లో ఆవులు కాలనీ నడిమధ్యకే వచ్చి మేయడం చాలాసార్లు చూశాను. తొలకరి తర్వాత మా ఊరి గొర్రెలు కూడా ముదురు గడ్డి వదిలేసి లేత పచ్చిక వెంటే పడేవి.

1902లో మెరియమ్ అనే ప్రభుత్వ జీవశాస్త్రవేత్త 256 ప్రెయిరీ డాగ్స్ ఒక ఆవు తినేంత తింటాయని లెక్క వేశారు. ఆవు బరువు మీద నిజంగా ఎంత ప్రభావం పడుతుందో 2006లో వెలువడిన కొలరాడో అధ్యయనం చూపించింది. బీడులో 20 శాతం కాలనీ ఆక్రమిస్తే పశువు పెరిగిన బరువు విలువ సుమారు 5.5 శాతం తగ్గింది. 60 శాతం ఆక్రమిస్తే దాదాపు 14 శాతం. చిన్న నష్టమేం కాదు. అయితే కాలనీ మూడింతలైనా నష్టం మూడింతలు కాలేదు, గమనించండి.

అసలు టెన్షన్ కరువు ఏడాదిలో. గడ్డి పొట్టిగా ఉంటే కాలనీ తొందరగా విస్తరిస్తుంది. పైగా ఆవులతో అతిగా మేపితే దానికి దారి మనమే చేసినట్టు. కనుచూపు అందని ఎత్తు గడ్డిలోకి వెళ్లడం వాటికి ఇష్టం ఉండదు కాబట్టి, విషం మాట ఎత్తకముందు కాలనీ అంచు వెంబడి కొంత మేర మేపకుండా వదిలి చూడమనండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రెండో వేసవి జూలైలో మాకు బాగా తెలిసిన కాలనీకి వెళ్తే, జీపు దిగినా ఏదీ అరవలేదు. బొరియల మూతులకు సాలెగూళ్లు పట్టి ఉన్నాయి. ప్లేగు. 1900 ప్రాంతంలో ఓడల మీద అమెరికాకు చేరిన ఈ జబ్బు ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగుల ద్వారా పాకుతుంది, కాలనీలో దాదాపు అన్నిటినీ చంపేస్తుంది. ఆ రోజు నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. చచ్చిన ప్రెయిరీ డాగ్ కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దని, కుక్కను దగ్గరికి పోనివ్వొద్దని మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి.