మీటింగ్ నోట్స్‌కి ఏ ఏఐ టూల్ మంచిదంటే... ముందు ఆ మెయిల్ ఎవరెవరికి వెళ్తుందో చూడండి

రోజంతా జూమ్, టీమ్స్ మీటింగులతోనే సరిపోతోంది, ఓటర్ (Otter), ఫైర్‌ఫ్లైస్, ఫ్యాథమ్, గ్రానోలా అనే ఏఐ టూల్స్‌లో అన్నిటికంటే కచ్చితంగా నోట్స్ రాసేది ఏది అని అడిగారు. ఆ "కచ్చితంగా" దగ్గరే నాకు పేచీ. స్పష్టంగా, ఒకరి తర్వాత ఒకరు ఇంగ్లీషులో మాట్లాడితే ఇవాళ వీటిలో ఏదైనా బాగానే రాస్తుంది. నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఏదీ సరిగ్గా రాయదు. టూల్ మార్చడం కంటే మంచి హెడ్‌సెట్ కొనుక్కోవడం వల్ల ఎక్కువ తేడా కనిపిస్తుందని నా గట్టి నమ్మకం.

నేనైతే రెండే చూస్తాను. నోట్స్‌లో ఒక వాక్యం మీద అనుమానం వస్తే, అసలు ఎవరేమన్నారో అక్కడికక్కడే వినగలనా? నేను చదవకముందే ఆ నోట్స్ ఇంకెవరి చేతికైనా వెళ్లిపోతాయా? మిగతా ఫీచర్లన్నీ నా దృష్టిలో ముస్తాబే.

ఈ రెండూ నాకెందుకు పట్టుకున్నాయో చెప్తాను. అప్పట్లో మా టీమ్‌లో సర్వర్లు మార్చే పని (మైగ్రేషన్) ఒకటి నడుస్తుండేది. ఆ పని చేసిపెడుతున్న వెండార్‌తో వారం వారం రివ్యూ. వాళ్లు బయటి నుంచి కాల్‌లోకి వచ్చేవాళ్లు, మావాళ్లు కొందరు కాన్ఫరెన్స్ రూములో ఒకే టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్లు, నేను ఇంటి నుంచి. ఆ రోజు రూములో ఉన్న సిస్టమ్ మొరాయించింది. కొత్తగా చేరిన అమ్మాయి తన లాప్‌టాప్ ప్రొజెక్టర్‌కి తగిలించి, తన లాగిన్‌తోనే కాల్ కలిపింది. మీటింగ్ మొత్తంలో ఆ అమ్మాయి నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే, మొదట్లో "వినిపిస్తోందాండీ?" అని.

డెలివరీ ఎందుకు ఆలస్యమవుతోందన్న దాని మీద మామూలు వాదనలు, మామూలు సంజాయిషీలు నడిచాయి. కాసేపటికి వెండార్ మేనేజర్ ఇంకో కాల్ ఉందని సెలవు తీసుకున్నారు. రూములో ఉన్నవాళ్లు మాత్రం లేవలేదు. మా సీనియర్ ఆర్కిటెక్ట్ ఒకాయన ఉన్నారు, గొంతు గంభీరం, మాట పదును. కుర్చీలో వెనక్కి వాలి, "వీళ్లతో అయ్యే పని కాదిది. వచ్చే క్వార్టర్‌కి వీళ్లని తీసేద్దాం. ఈ వీకెండ్ గట్టిగా కూర్చుంటే సగం మైగ్రేషన్ మనమే లాగేస్తాం" అన్నారు. విసుగులో అన్న మాట అది. ఎవరో నవ్వారు, ఇంకెవరో బడ్జెట్ సంగతి ఎత్తారు, మాట అటు మళ్లిపోయింది. నోట్స్ బాట్, అంటే మనిషిలా కాల్‌లో చేరి అన్నీ వినే ప్రోగ్రామ్, మాత్రం పార్టిసిపెంట్ల జాబితాలో చివరన కిక్కురుమనకుండా ఉంది. గోడలకు చెవులుంటాయని వింటూ పెరిగాం, ఇప్పుడు వాటికి మెయిల్ ఐడీ కూడా వచ్చింది.

కాల్ ముగిసిన కాసేపటికే కేలండర్ ఇన్వైట్‌లో పేరున్న ప్రతివాళ్లకీ నోట్స్ వెళ్లిపోయాయి. వెండార్‌తో సహా. చూడ్డానికి ఎంత పొందికగా ఉన్నాయో. "నిర్ణయాలు" అన్న హెడింగ్ కింద, వచ్చే క్వార్టర్ నుంచి వెండార్ తొలగింపు. "చేయాల్సిన పనులు" కింద, ఈ వీకెండ్‌లో మైగ్రేషన్ సగం పూర్తి. ప్రతిపాదించింది ఎవరు, బాధ్యత ఎవరిది అన్న రెండు చోట్లా ఆ కొత్తమ్మాయి పేరే.

వెండార్ మేనేజర్ నేరుగా ఆ అమ్మాయికే ఫోన్ చేశారు. "మేడమ్, మా కాంట్రాక్టు తీసేద్దామని మీరు ప్రపోజ్ చేశారట?" అప్పటికి ఆ మేడమ్‌కి ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు.

వెంటనే అందరినీ కాల్‌లోకి పిలిచారు. అలాంటి కాల్స్ ఎలా ఉంటాయో మీకు తెలిసే ఉంటుంది. "అసలు ఈ మాట ఎవరన్నారు?" "ఏదో జనరల్‌గా అనుకున్నాం." "నేనైతే అలా అనలేదే." చివరికి ఆర్కిటెక్ట్ గారే, "ఈ ఏఐలకి కల్పించి రాయడం అలవాటే కదండీ, అలాగే రాసుంటుంది" అన్నారు. ఆ మాటతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. తప్పు మిషను మీదికి పోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు మరి. మేనేజర్ ఆ ముక్కే వెండార్‌కి రాద్దామని టైప్ చేయడం మొదలుపెట్టారు కూడా.

అప్పుడా అమ్మాయి, "సార్, ఒక్క నిమిషం, నేను స్క్రీన్ షేర్ చేస్తాను" అంది. నోట్స్ తెరిచి ఆ వాక్యం మీద నొక్కింది. ఆ టూల్‌లో ప్రతి వాక్యం పక్కనా రికార్డింగ్‌లో ఆ క్షణానికి తీసుకెళ్లే లింకు ఉంటుంది. ముందు కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే ఆయన గొంతు, "వీళ్లతో అయ్యే పని కాదిది" అంటూ. మొత్తం వినిపించి షేరింగ్ ఆపేసింది, పైన ఒక్క మాట మాట్లాడలేదు. కాసేపు కాల్‌లో అందరూ మ్యూట్‌లోనే. "ఆ... అది నేనే అన్నాను" అన్నారు ఆర్కిటెక్ట్ గారు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ టూల్ ఒక్క మాట కూడా తప్పుగా వినలేదు. మీరు వెతుకుతున్న కచ్చితత్వం ప్రకారం దానికి నూటికి నూరు వేయాలి. కానీ ఎవరన్నారన్నది తప్పు, ఏ ధోరణిలో అన్నారన్నది తప్పు, ఎవరికి పంపాలన్నది తప్పు. టూల్స్‌ని పోల్చే టేబుళ్లలో ఈ మూడింటికీ కాలమ్ ఉండదు. పేరు తప్పడానికి కారణం సులువే. చాలావరకు ఈ టూల్స్ ఏ లాగిన్ నుంచి శబ్దం వస్తే ఆ పేరు వేసేస్తాయి. ఒకే మైకు ముందు నలుగురు కూర్చుంటే గొంతును బట్టి విడదీయాలి. కొన్ని ఆ పని చేస్తాయి, కానీ రెండు గొంతులు కలిసినచోట తడబడతాయి. కాబట్టి మీ మీటింగుల్లో ఎవరైనా కాన్ఫరెన్స్ రూము నుంచి కూర్చుంటారా అన్నది, టూల్ పేరు కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి.

ఇది మా ఒక్కరి గోలేమీ కాదు. 2024లో ఒక ఏఐ పరిశోధకుడు పెట్టుబడి సంస్థ వాళ్లతో జూమ్ కాల్ ముగించుకున్నాక, ఓటర్ నుంచి ఆయనకు ట్రాన్స్‌క్రిప్ట్ (మాటలన్నీ రాసిన కాపీ) వచ్చింది. ఆయన వెళ్లిపోయాక వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్న వ్యాపార రహస్యాలు కూడా అందులో ఉన్నాయి. ఆయన బయటపెడితే పత్రికలకెక్కింది. షేరింగ్ సెట్టింగులు వాడేవాళ్ల చేతిలోనే ఉన్నాయని ఆ కంపెనీ అంది. ఆ మాట నిజమే. ఎవరూ తెరిచి చూడని సెట్టింగులవి, అంతే.

అందుకని ఏ టూల్ తీసుకున్నా మొదటి రోజే సెట్టింగుల్లోకి వెళ్లి, నోట్స్ "నాకు మాత్రమే" వచ్చేట్టు పెట్టుకోండి. కేలండర్‌లో ఉన్న ప్రతి మీటింగ్‌కీ తనంతట తానే దూరిపోయే ఆప్షన్ ఆపేయండి. మన ఆడియోతో వాళ్ల మోడల్‌కి శిక్షణ ఇచ్చుకుంటారా, వద్దంటే మానతారా అన్నదీ చదవండి. 2023 ఆగస్టులో జూమ్ నిబంధనల్లో ఇలాంటి వాక్యం ఒకటి జనం కంటపడి పెద్ద రభస అయితే, కంపెనీ వెనక్కి తగ్గి, వాడేవాళ్ల ఆడియో, వీడియో, చాట్‌లను ఏఐ శిక్షణకు వాడబోమని రాసుకోవాల్సి వచ్చింది. అంటే చదివేవాళ్లుంటే ఫలితం ఉంటుందన్నమాట.

ఆర్కిటెక్ట్ గారి సాకు ఆ రోజు చెల్లలేదు గానీ, పూర్తిగా గాలిమాట కూడా కాదు. ఓపెన్‌ఏఐ 2022లో ఉచితంగా వదిలిన, మాటలను రాతగా మార్చే విస్పర్ అనే మోడల్ ఉంది. దాని మీద 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరీక్షించిన ఆడియో ముక్కల్లో సుమారు 1 శాతంలో ఎవరూ అనని పదబంధాలు, వాక్యాలు పుట్టుకొచ్చాయని తేలింది. మాటల మధ్య ఎక్కువసేపు ఆగేవాళ్ల విషయంలో ఈ బెడద ఎక్కువ. అన్ని టూల్సూ విస్పర్ మీదే నడవవు, అయినా నాకు తృప్తి లేదు. మౌనంగా ఉన్నవాడి నోట్లో మాట పెట్టే గుమాస్తాను ఏ ఆఫీసూ ఉంచుకోదు కదా. ఆడియో ఉంటే నొక్కి వింటాం. లేకపోతే గట్టిగా వాదించినవాడిదే గెలుపు.

ఈ లెక్కన గ్రానోలా నా మొదటి షరతుకే నిలబడదు. అది ఆడియో దాచదు, ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రమే ఉంచుతుంది. కానీ నిజం చెప్పొద్దూ, 2024లో వచ్చిన ఆ టూల్ ఆలోచనే నాకు అన్నిటికంటే నచ్చింది. మీటింగ్ జరుగుతుండగా మీరు నాలుగు ముక్కలు గీకుతారు, అది వాటి చుట్టూ వివరాలు నింపుతుంది. ఏది ముఖ్యమో తేల్చేది మీరే. మిగతా టూల్స్‌లో ఆ పని కూడా మిషనే చేస్తుంది, దానికేమో గంటసేపు నలిగిన వివాదమూ, చివర్లో ఎవరో అన్న "చూద్దాంలే"యూ ఒకే బరువు. ఫైర్‌ఫ్లైస్ సహ వ్యవస్థాపకుడు శామ్ ఉడోటాంగ్ 2025లో ఒక సంగతి తానే బయటపెట్టాడు: తొలి రోజుల్లో వాళ్ల ఏఐ అంటే ఏఐ కాదట, వ్యవస్థాపకులే మీటింగుల్లోకి దూరి, నోరెత్తకుండా కూర్చుని నోట్స్ రాసి, పది నిమిషాల్లో పంపేవాళ్లట. అందరూ మోసమని తిట్టారు. నాకైతే ఆ నోట్స్ ఇప్పటివాటికంటే బాగుండి ఉంటాయనిపించింది. విసుగు ఏదో, నిర్ణయం ఏదో మనిషికి తెలుస్తుంది.

గ్రానోలాతో ఇంకో చిక్కు, అది మీ కంప్యూటర్‌లో వినిపించే శబ్దాన్నే పట్టుకుంటుంది కాబట్టి కాల్‌లో బాట్ కనిపించదు. కనిపించకపోవడమే దాని గొప్ప అని చెప్పుకుంటారు. అవతలివాళ్లకి చెప్పకుండా వాడటం మర్యాద కాదు, కొన్నిచోట్ల నేరం కూడా. కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణ రికార్డు చేయాలంటే అందరి ఒప్పుకోలూ కావాలి. 2025 ఆగస్టులో అక్కడి ఫెడరల్ కోర్టులో ఓటర్ మీద పడిన దావా కూడా ఈ ఒప్పుకోలు గొడవే. ఒక్క వాక్యం చాలు, "నోట్స్ కోసం టూల్ పెట్టాను, అభ్యంతరమైతే చెప్పండి" అని. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి జనం పడే మొహమాటం చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

మొహమాటం అంటే గుర్తొచ్చింది, ఈ బాట్లని పంపించి తాము రాకుండా ఉండే మహానుభావుల సంగతేంటి? మనుషుల కంటే నోట్‌టేకర్లు ఎక్కువున్న కాల్‌లో నేను మాట్లాడాను. ఎవరికి చెప్తున్నానో అర్థం కాలేదు. నోట్స్ చదివితే చాలు అనుకునేవాళ్లకి మీటింగ్ ఎందుకు, ఒక మెయిల్ రాస్తే పోయేది కదా? పైగా ఎవరెంత శ్రద్ధగా విన్నారో మార్కులు వేసే టూల్స్ వచ్చాయి. రీడ్ ఏఐ లాంటివి ఆ పని చేస్తాయి. పెద్దయ్యాక కూడా ప్రోగ్రెస్ కార్డు తప్పలేదు.

సరే, పేర్లు చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. మీటింగులు ఎక్కువగా కంపెనీ లోపలివే అయితే బయటి టూల్ జోలికే పోకండి. జూమ్‌లో ఏఐ కంపానియన్ 2023 నుంచి ఉంది, టీమ్స్‌కి కోపైలట్ ఉంది, గూగుల్ మీట్‌లో జెమినై నోట్స్ రాస్తుంది. మీ ఐటీ వాళ్లు ఎలాగూ ఆ ఖాతాలకు కాపలా కాస్తున్నారు, కొత్తగా ఇంకో కంపెనీ సర్వర్లకి మీ మాటలు పంపడమెందుకు? కాకపోతే జూమ్‌లో రికార్డింగ్ పెట్టకపోయినా సమ్మరీ వచ్చేస్తుంది, అప్పుడు నొక్కి వినడానికి ఏమీ మిగలదు. ముఖ్యమైన కాల్ అయితే రికార్డింగ్ కూడా పెట్టండి. బయటి క్లయింట్లతో రకరకాల యాప్‌లలో మాట్లాడేవాళ్లయితే ఫ్యాథమ్‌తో మొదలుపెట్టండి, నోట్స్ నుంచి వీడియోలో ఆ చోటికి వెళ్లడం అందులో సులువు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపి మాట్లాడే టీమ్ అయితే భాషల జాబితా చూసి మురిసిపోకండి. జాబితాలో రెండు భాషలూ ఉండొచ్చు, కానీ మధ్యలో భాష మారితే చాలా టూల్స్ ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని పిచ్చిగా రాస్తాయి.

పరీక్షించేటప్పుడు డెమో కోసం పద్ధతిగా మాట్లాడకండి. మీ దగ్గర జరిగే అతి గందరగోళపు మీటింగ్ ఒకటి ఎంచుకుని, రెండు టూల్స్ ఒకేసారి పెట్టి, పేర్లు, అంకెలు, తేదీలు మాత్రమే సరిచూడండి. ముందు 15 అని, తర్వాత కాదు 20 అని దిద్దుకున్నచోట ఏది రాసిందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. ఉచిత ప్లాన్‌లతో పరీక్షిస్తే వాటి హద్దులు ముందే చూసుకోండి. నేను చూసినప్పుడు ఓటర్ ఉచిత ప్లాన్‌లో ఒక్కో సంభాషణకు 30 నిమిషాలే. మా మీటింగుల్లో మొదటి అరగంటా ఎవరి స్క్రీన్ కనిపిస్తోంది, ఎవరిది కనిపించడం లేదు అన్నదానికే పోతుంది. అసలు మాటలు మొదలయ్యేసరికి టూల్ నిద్రపోతుంది.