అమ్మమ్మ పెరుగు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ నిన్న రాత్రి చదివాను. నాలుగో పేజీ దాకా బాగానే నడిచింది. అక్కడ డెబ్బై అయిదేళ్ల అమ్మమ్మ గిన్నె మూత తీసి "పెరుగు ఇంకా సెట్ కాలేదే" అంటుంది. కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను. మనసు ఆగక మళ్లీ కూర్చుంటే మనవడికి పెళ్లి సెట్ అయింది, తాతయ్య విరిగిన చెయ్యి సెట్ అయింది, ఆఖరికి కొత్త కోడలు కూడా ఇంట్లో సెట్ అయిపోయింది!

ఆ మూడక్షరాల 'సెట్' (set) ఇంగ్లీషువాళ్ల భాషలో మర్రిచెట్టు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 ముద్రణలో ఆ ఒక్క క్రియకే 430 అర్థాలు, దాదాపు 60,000 పదాల వివరణ. తర్వాత 'రన్' 645 అర్థాలతో దాన్ని దాటింది. పొద్దు గుంకినా, ఉంగరంలో రాయి పొదిగినా, వల పన్నినా, చెట్టు పిందె పట్టినా వాళ్లకు అదే మాట. మనకు దేని క్రియ దానికుంది. నెయ్యి పేరుకుంటుంది, పెరుగు తోడుకుంటుంది, ఎముక అతుక్కుంటుంది. పెళ్లి కుదురుతుంది, కోడలు కుదురుకుంటుంది. ఆ రెంటి మధ్య ఎన్ని నెలల కాపురం ఉందో చూడు. దాన్నంతా ఒక్క 'సెట్'తో తుడిచేశావు.

నేను ఛాందసుణ్ణి కాను. టీవీ సెట్, సినిమా సెట్, సెట్ దోశ నిక్షేపంగా రాసుకో. నామవాచకాలు ఎన్నయినా అప్పు తెచ్చుకో, క్రియ కోసం మాత్రం చెయ్యి చాచకు. "అందరూ అలాగే మాట్లాడుతున్నారు కదా మాస్టారూ" అంటావు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మనవడు మాట్లాడనీ. అమ్మమ్మకేం కర్మ?

నా తొలి కథలో "పాలు తోడుకున్నాయి" అని రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేసి "గట్టిపడ్డాయి" అని దిద్దాడు. పట్నం పాఠకులకు అర్థం కాదట. అచ్చయ్యాక చదివి వినిపిస్తే మా అమ్మ "పాలు గట్టిపడటమేమిటిరా, విరిగాయా?" అంది. నలభై ఏళ్లయినా ఆ పెద్దమనిషి మీద నా కోపం చల్లారలేదు. అలాగని నేనేమీ తక్కువ తినలేదు. పేజీకి ఇంత అని అనువాదాలు చేసుకు బతికిన రోజుల్లో, వైద్యుడు విరిగిన చేతిని "అమర్చాడు" అని రాసి పారేశాను. పుత్తూరు కట్టు గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ణే, కట్టు కట్టాడని రాయాలని తట్టలేదు.

ఏ పత్రికకు పంపాలి, పోటీలకు రాయవచ్చా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు నాలుగో పేజీకి వెళ్లు. అది మాఘమాసం చలి రాత్రి అని నువ్వే రాశావు. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో ఆవిడ వేలు ముంచి చూసిందా? తోడు ఎంత వేసింది? గిన్నెకు ఏ పాత చీర ముక్క చుట్టి, ఏ మూల దాచింది? అది రాసి పంపు.