రాయి తగిలి పెయింట్ ఊడిన చోట

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ కారు బానెట్ ఫొటోలు చూశాను. రాళ్లు తగిలి పెయింట్ ఊడిన ఆ చుక్కలను ఇంట్లోనే సరిచేసుకోవచ్చునా అని అడిగావు. నిస్సందేహంగా చేసుకోవచ్చు. అయితే మచ్చ మాయం కావాలన్న పట్టుదలతో కాక, రేకుకు నీరు తగలకుండా మూయాలన్న ఉద్దేశంతో పనికి పూనుకో. మచ్చ అసలే కనబడకూడదని పట్టుబట్టేవారు చుట్టూ ఉన్న మంచి పెయింట్‌ను కూడా అరగదీసుకుంటారు.

ముందుగా భూతద్దంతో ఒక్కొక్క మచ్చను చూడు. గుంట అంచున క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శకమైన పై పొర), దాని లోపల రంగు, ఇంకా లోపల బూడిదరంగు ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పొర) వలయాలుగా కనిపిస్తాయి. ఈ పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండదు. ప్రైమర్ చెక్కుచెదరకపోతే రంగు వేస్తే చాలు. మధ్యలో రేకు తళుక్కుమంటే ముందు ప్రైమర్ చుక్క పడాలి. గోధుమరంగు కనిపిస్తే అది తుప్పు. సూదిమొనతో మెరిసే లోహం బయటపడేదాకా గీకి, తుప్పును అరికట్టే ద్రావకం పూసి, అది ఆరిన తరువాతే ప్రైమర్ వేయాలి. తుప్పు మీదే రంగు వేస్తే కొన్ని నెలలకు అది పొక్కులా పైకి లేస్తుంది. ప్లాస్టిక్ బంపర్‌కు ఈ బెడద లేదు కనుక దాని పని చివరికి పెట్టుకో.

రంగును పేరు చూసి కొనవద్దు. తెలుపులోనే ఎన్నో తెలుపులున్నాయి. డ్రైవర్ తలుపు చట్రం మీదనో, బానెట్ కిందనో ఉన్న పలకపై రంగు కోడ్ ఉంటుంది, దాని ప్రకారమే టచప్ సీసా, అంటే ఇలాంటి మచ్చల కోసం అమ్మే చిన్న రంగు సీసా, తీసుకో. మెటాలిక్ రంగైతే మెరుపు పొడి అడుగున పేరుకుంటుంది కనుక సీసాను రెండు మూడు నిమిషాలు బాగా కుదుపు.

కారు కడిగి, ఆరనిచ్చి, మచ్చ చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడువు. పాత వ్యాక్స్ జిడ్డు మిగిలితే కొత్త రంగు పట్టదు. ఎండలో మాత్రం ఈ పని చేయకు. చేయి ఆనిస్తే రేకు చల్లగా ఉండాలి.

సీసా మూతకు ఉండే కుంచె ఈ పనికి చాలా లావు. టూత్‌పిక్ మొనతో చిన్న చుక్క తీసుకుని గుంట నడుమ ఆనించు. రంగు తనంతట తానే అంచుల దాకా పాకుతుంది. అది అంచు దాటకముందే చేయి తీసేయాలి. ఆరిన కొద్దీ రంగు కుంగుతుంది కనుక గంట రెండు గంటల ఎడంతో మూడు నాలుగు పలుచని పొరలు పడతాయి. నా మొదటి కారుకు నేను ఒక్క దెబ్బకే గుంట నింపేశాను. పైన తోలు కట్టింది, లోపల పచ్చిగానే ఉండిపోయింది, మరునాడు వేలు ఆనించగానే ముద్దగా ఊడి వచ్చింది. రంగు పూర్తిగా ఆరాక క్లియర్ కోటును కూడా ఇదే తీరున, చుట్టూ ఉన్న మట్టం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా వేయి.

వారం రోజులు దానిని ముట్టుకోకు. ఆ తరువాత ఎత్తు మరీ కంటికి తగులుతుంటేనే, పెన్సిల్ వెనుక భాగమంత చదునైన ముక్కకు 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం) అంటించి, సబ్బునీటితో తడుపుతూ, ఆ బొడిపె మీద మాత్రమే రుద్దు. పిదప 3000 నంబరు, ఆఖరున పాలిష్. కంపెనీ వేసిన క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లే ఉంటుంది కనుక పది పన్నెండు రుద్దులకొకసారి తుడిచి చూడు. బానెట్ అంచుల దగ్గర అది ఇంకా పలుచన, అక్కడ పేపర్ పెట్టనే వద్దు. నన్నడిగితే, ఆ కొద్దిపాటి ఎత్తును అలాగే వదిలేయడమే మేలు.

గోటికంటే పెద్ద మచ్చలను, రేకు సొట్టపడిన చోట్లను, చుట్టూ పగుళ్లు పాకినవాటిని నీవు ముట్టుకోకుండా పెయింటర్‌కు అప్పగించు. కొత్త చుక్కల మీద నెల రోజుల దాకా వ్యాక్స్ వేయకు. ఫొటోలో కుడివైపు హెడ్‌లైట్ పైన ఉన్న మచ్చ నాకు గోధుమరంగుగా కనిపించింది. పని దానితోనే మొదలుపెట్టు.

ఇట్లు,
నీ మేనమామ