ఎండాకాలంలో ఇల్లు కాస్త కుదురుగా ఉండాలంటే: అమ్మడికి పెద్దమ్మ రాసేది

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. ఆఫీసు నుంచి ఇంటికొస్తే హాయిగా ఉండాల్సింది పోయి ఇంకా చిరాకొస్తోంది పెద్దమ్మా, పిల్లల మీద అరిచేస్తున్నాను అన్నావు. హైదరాబాద్ నుంచి అమలాపురం వచ్చాక నీకిదే మొదటి వేసవి, పైగా మేడ మీద వాటా, నెత్తిన ఒట్టి శ్లాబు. చిరాకు రాకేం చేస్తుంది? అక్కడ ఎండ ఎంత మాడ్చినా చెమట ఇట్టే ఆరిపోతుంది. మనకి పక్కనే సముద్రం, గాలంతా తేమ, చెమట ఒంటి మీదే ఉండిపోతుంది. ఒళ్ళు చల్లబడకపోతే మనసు కుదురుగా ఉండమంటే ఎక్కడుంటుంది?

ఆ కూలర్ కొననా, ఈ కర్టెన్లు కొననా అని అడిగావు. ఇప్పుడే ఏమీ కొనకు. ముందు ఇంట్లో పనుల వేళలు మార్చు. పొద్దున్న పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఇంట్లో పొయ్యి వెలగకూడదు, బట్టలుతికే మెషీన్ తిరగకూడదు, ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. నువ్వు ఆఫీసులో ఉన్నా సరే, ఇంట్లో మీ అత్తగారూ పిల్లలూ ఉంటారు కదా, వాళ్ళకీ ఇదే లెక్క. నేను చెప్పేవన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

తలుపులూ కిటికీల సంగతి చూడు. తెల్లవారుజామున లేచి అన్నీ బార్లా తెరిచెయ్యి. ఎనిమిదిన్నర, తొమ్మిదయ్యేసరికి తూర్పు వైపువి మూసెయ్యి, మధ్యాహ్నం అవుతుండగా పడమటివి మూసెయ్యి. వేడి గాలి వీచేది పడమటి నుంచే, దాన్ని లోపలికి రానిచ్చి పైన ఫ్యాను తిప్పితే ఆ వేడినే ఇల్లంతా కలియబెట్టినట్టు. ఫ్యాను గదిని చల్లబరచదమ్మా, మన ఒంటి మీది చెమటని ఆరుస్తుంది, అంతే, కాబట్టి మనుషులు లేని గదిలో అది తిరగక్కర్లేదు. సాయంత్రం పైరగాలి మొదలవుతుంది చూడు, సముద్రం మనకి దక్షిణానా తూర్పునా ఉంది గనక ఆ వైపు కిటికీలన్నీ అప్పుడు తియ్యి. దోమలు వస్తాయని సాయంత్రం అన్నీ బిగించుకుని కూర్చుంటారు చాలామంది, రోజంతా పేరుకున్న వేడి ఇక పోయేదెలా? కిటికీలకి మెష్ కొట్టించు, ఖర్చు పెడితే దానికి పెట్టు. ఇంకోటి, రాత్రి మేడ మెట్ల పైనున్న తలుపు కూడా తీసి ఉంచు (దానికీ మెష్ తలుపు పెట్టించుకుంటే బెంగ ఉండదు). వేడి గాలి పైకి పోతుంది. మన పాత మండువా లోగిళ్ళలో నడిమధ్య ఆకాశం కనపడేలా కట్టింది ఇందుకూనూ.

శ్లాబు విషయం. పగలంతా తాగిన ఎండని అది సాయంత్రం ఏడు దాటాక లోపలికి వదలడం మొదలుపెడుతుంది, అందుకే నీకు రాత్రి పదింటికి కూడా మంచం వేడిగా తగులుతోంది. డాబా మీద చిక్కగా రెండు పూతలు సున్నం వేయించు, ఇంటివాళ్ళని అడుగు, వాళ్ళు కాదనరు, ఖర్చూ పెద్దదేం కాదు. సున్నం వీలు కాకపోతే కొబ్బరాకులు పరిపించు, మన ఊళ్ళో వాటికి కరువా? డాబా మీద నీళ్ళు కొట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మళ్ళీ జూన్‌లో ధవళేశ్వరం నుంచి వదిలేదాకా ఊరంతా చెరువు నీళ్ళ మీదే బతకాలి, ఆ నీళ్ళు శ్లాబుకి పోయడం ఏం న్యాయం?

వట్టివేళ్ళ తడికలు మంచివే, ఆ వాసనకే సగం అలసట పోతుంది. కానీ పొడి గాలి వీచే రోజునే అవి పని చేస్తాయి. ఉక్కగా ఉన్న రోజున తడికలు తడిపినా, తలుపులు మూసి కూలర్ పెట్టినా గదిలో తేమ పెరిగి ప్రాణం ఇంకా ఉసూరుమంటుంది. కూలర్ వేస్తే ఎదురుగా ఓ కిటికీ తెరిచి ఉంచాలి. ఏసీ వేసుకుంటే వేసుకోండి, పిల్లలకి నిద్ర ముఖ్యం. పద్దెనిమిదిలో పెట్టి దుప్పటి కప్పుకోవడం మాత్రం వద్దు. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గరే ఉండేలా ప్రభుత్వమే నిబంధన పెట్టింది, దాన్ని అక్కడే వదిలెయ్యి, ఫ్యాను చిన్నగా తిప్పుకో.

ఇక వంటిల్లు. ఎండాకాలంలో ఇంట్లో గొడవలన్నీ ఇక్కడే పుడతాయని నా నమ్మకం, ఎందుకంటే అందరూ ఫ్యాను కింద కూర్చుంటే ఒక్క మనిషి పొయ్యి ముందు ఉడికిపోతూ ఉంటుంది, ఆ మనిషి నవ్వుతూ వడ్డించాలని మిగతావాళ్ళు ఆశిస్తారు. అది కుదరదు. ఎనిమిదింటికల్లా వంటైపోవాలి, ఒక పప్పు, ఒక కూర, అంతే. మామిడికాయ పప్పు చేస్తే సాయంత్రం దాకా ఉంటుంది. రాత్రికి వేరే వంట పెట్టుకోకు, పెరుగన్నం, కొత్తావకాయ, మామిడిపండు ముక్క, ఇంకేం కావాలి? రాత్రి మిగిలిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి కాస్త పెరుగు వేసి తోడు పెట్టు. పొద్దున్నే ఉప్పేసి పిసికి, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయతో పిల్లలకి పెట్టు. టిఫిన్ కోసం పొయ్యి వెలిగించే పనే ఉండదు, కడుపూ చల్లగా ఉంటుంది. మొదటి రెండు రోజులు ముఖం చిట్లిస్తారు, పట్టించుకోకు. అల్లుడుగారికి కూడా ఇదే పెట్టు, ఆయన కోసం వేరే దోసెలు పోస్తూ నిలబడకు. సాయంత్రం మజ్జిగ కలపడం, రాత్రి గిన్నెలు కడగడం ఆయన వంతు అని పెద్దమ్మ చెప్పిందని చెప్పు.

ఫ్రిజ్ నీళ్ళు తగ్గించి ఒక కుండ పెట్టు. కొత్త కుండని ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, ఆ తర్వాత రెండు రోజులు పోసిన నీళ్ళు పారబోసి అప్పుడు వాడుకో. దాన్ని సబ్బుతో తోమకు, సన్నటి రంధ్రాలు పూడిపోతాయి. గాలి తగిలే చోట, పళ్ళెంలో తడి ఇసక పోసి దాని మీద పెట్టాలి. ఓ గంట పోయాక కుండ పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు, సన్నగా చెమ్మ తగులుతుంది, ఆ చెమ్మ ఆరుతున్న కొద్దీ లోపలి నీళ్ళు చల్లబడతాయి. కింద ఇసక నల్లగా తడిసి, ఒరిగిపోకుండా కుండని పట్టుకుని ఉంటుంది. చిన్న వట్టివేళ్ళ కట్ట కడిగి అందులో వెయ్యి. ఉక్కపోత రోజున నీళ్ళు అంత చల్లగా రావు, దానికి కుండని తిట్టకు.

హాల్లో ఆ తివాచీ తీసి అటక మీద పెట్టు, మందపాటి కుషన్లూ అంతే. గచ్చు మీద తుంగచాప పరిస్తే పిల్లలే వచ్చి పడుకుంటారు. సాయంత్రం లైట్లన్నీ వెయ్యకు, ఒకటి చాలు. టీవీలో వార్తల అరుపులు వినపడని గంట ఒకటి ఉండాలి ఇంట్లో, ఆ గంట డాబా మీదో మెట్ల మీదో కూర్చోండి, ఫోన్లు కిందే వదిలెయ్యండి.

చుట్టాల సంగతి కూడా చెప్పాలి. సెలవులు కదా, కోనసీమ చూడాలని అందరూ నీ ఇంటికే వస్తారు. రమ్మను, కానీ వచ్చినవాళ్ళకి పులసలూ పూతరేకులూ అంటూ హడావుడి పడకు, పులసలు ఎలాగూ వరద నీళ్ళు వచ్చాకే. ముంజలు తెప్పించు, బొండాలు కొట్టించు, మధ్యాహ్నం పడుకోమని చాప చూపించు. ఆవకాయ పెట్టడం ఒక్కదానివే నెత్తిన వేసుకోకు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె మే నెలాఖరుకి వచ్చేస్తుంది, ఆలోపే ఒక ఆదివారం పెట్టుకుంటే నేనూ వస్తాను, ముక్కలు అక్కడే కొట్టిద్దాం.

ఒక్క జాగ్రత్త. మీ అత్తగారికి గానీ పిల్లలకి గానీ ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడినా, మగతగా ఉన్నా ఇంటి చిట్కాలు చూస్తూ కూర్చోకండి. తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ళకి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ముందు సున్నం పని కానియ్యి, మిగతావి మెల్లగా చూసుకుందువు గాని. మనిషి దొరక్కపోతే ఫోన్ చెయ్యి, మన ఊరి నుంచి పంపిస్తాను. కుండ కూడా వాళ్ళ చేతే పంపుతాను, నువ్వు కొనకు.

మీ పెద్దమ్మ