నైరోబీ ఆఫీసులో టీమ్ లీడ్‌గా వెళ్తున్నారా? ముందు కాంట్రాక్టులు చూడండి

అంతర్జాతీయ సహాయ సంస్థలో టీమ్ లీడ్‌గా నైరోబీ వెళ్తున్నాను, ఏడెనిమిది దేశాల వాళ్ళుంటారు, వాళ్ళ సంస్కృతులతో ఎలా నెట్టుకురావాలి అని అడిగారు. అలాంటి సంస్థలోనే అక్కడ కొన్నేళ్ళు చేశాను. సంస్కృతి గురించి అంత టెన్షన్ అక్కర్లేదండీ. రంజాన్‌లో సాయంత్రం మీటింగులు పెట్టకూడదు లాంటివి నెల తిరక్కుండానే తెలిసిపోతాయి, తెలియకపోతే అడిగితే చెబుతారు.

అడిగినా ఎవరూ చెప్పనిది జీతాల సంగతి. ఐక్యరాజ్యసమితిలో విదేశాల నుంచి వచ్చే ప్రొఫెషనల్ స్టాఫ్‌కి నోబుల్‌మేర్ సూత్రం, అంటే బాగా జీతాలిచ్చే దేశపు ప్రభుత్వోద్యోగులతో పోల్చి ఇవ్వడం. ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి కాలం నుంచీ ఉంది, ఇప్పుడు పోల్చేది అమెరికా ఫెడరల్ ఉద్యోగులతో. స్థానికంగా తీసుకునే జనరల్ సర్వీస్ వాళ్ళకి 1949 నాటి ఫ్లెమింగ్ సూత్రం, అంటే ఆ ఊళ్ళో మంచి సంస్థలు ఎంతిస్తే అంత. పిల్లల చదువు ఖర్చు, సొంత దేశానికి వెళ్ళొచ్చే టికెట్లు సాధారణంగా మొదటివాళ్ళకే. ఐక్యరాజ్యసమితి బయట ఉండే సహాయ సంస్థలదీ చాలావరకు ఇదే దారి. మన ఆఫీసుల్లో పర్మనెంటు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళు పక్కపక్కనే కూర్చుని ఒకే ఫైలు చూస్తారే, అలాగన్నమాట.

దీని ప్రభావం జీతం రోజున కాదు, మీటింగులో కనిపిస్తుంది. ఒకసారి యూరప్ నుంచి కొత్తగా వచ్చినాయన కెన్యా ఉత్తరాన ఉండే తుర్కానాలో ఏప్రిల్ సహాయ పంపిణీకి లారీల రూటు స్లైడ్లో చూపిస్తున్నాడు. ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేసిన కెన్యా ఆఫీసరు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు తప్ప నోరు విప్పలేదు. బయటికొచ్చి టీ తాగుతుంటే నాతో అన్నాడు, ఆ దారిలో రెండు లగ్గాలున్నాయి, ఏప్రిల్లో లారీ దిగితే బయటికి రాదు అని. లగ్గా అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే ఏరు, మార్చి నుంచి మే వరకు పెద్ద వానల్లో ఒక్కసారిగా పొంగుతుంది. మరి లోపల ఎందుకు చెప్పలేదంటే నవ్వి ఊరుకున్నాడు. దాన్ని ఆఫ్రికా వాళ్ళ మొహమాటం అని ట్రైనింగులో చెబుతారు, నేను నమ్మను. అతని కాంట్రాక్టు ఆర్నెల్లది, రెన్యువల్ మీద అభిప్రాయం రాసేది ఆ స్లైడ్ల మనిషే!

జీతాల తేడా మీ చేతుల్లో ఉండదు. ఆ తర్వాత నేను చేసిందల్లా ప్లాన్లు రెండ్రోజుల ముందే పంపి లోకల్ ఆఫీసర్ల చేత రాతలో కామెంట్లు తెప్పించుకోవడం, మీటింగులో మొదట వాళ్ళ చేతే మాట్లాడించడం, డోనర్లకు వెళ్ళే రిపోర్టు మీద వాళ్ళ పేర్లు వేయించడం. ఈ చివరిదానికి పైనుంచి గొణుగుడు బాగానే వచ్చింది, కానీ పనిచేసింది మాత్రం అదే.

చేరిన వారంలోనే హెచ్ఆర్‌ని మీ టీమ్ లిస్టు అడిగి, ఎవరి కాంట్రాక్టు ఏ నెలలో ముగుస్తుందో చూసుకోండి. డిసెంబరులో ముగిసేవాళ్ళు అక్టోబరులో మీ ప్లాన్‌కి తలూపితే ఆ ప్లాన్ ఇంకోసారి చూసుకోవాలి.